నాన్నమ్మా, నల్లబెల్లమూ

మొన్న మా పై అంతస్తులో కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి ఏదో పెద్ద దుకాణంలో నిలబడి నాకు ఫోటో పంపింది. అలమర నిండా పొట్లాలే. తెల్ల పంచదార, గోధుమరంగు పంచదార, బెల్లం పొడి, దేశీ ఖాండ్, పటికబెల్లం, ఇంకా పేరు సరిగ్గా కనబడని ఒకటి. కింద "అక్కా, రోజూ వంటకి ఏది తీసుకోను?" అని రాసింది. ఏదో ఒకటి రాసి తుడిపేశాను. మళ్లీ రాసి మళ్లీ తుడిపేశాను. చివరికి "ప్రస్తుతానికి ఏవైనా రెండు చిన్న పొట్లాలు తీసుకో, సాయంత్రం పైకి వచ్చి చెబుతాను" అన్నాను. అంత చిన్న ప్రశ్న చుట్టూ ఒకప్పుడు మా ఇంట్లో ఒక చలికాలమంతా నడిచిందనీ, ఊరు వదిలి వెళ్లిపోవాలనుకున్న ఒక మనిషి ఆగిపోయిందనీ ఫోన్లో ఎలా చెప్పడం?

అప్పుడు మేం రాయ్‌పూర్‌లోనే రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు, వెనక చిన్న వంటిల్లు, దాని వెనక ఒక వేపచెట్టు. నాన్న వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు. సాయంత్రం ఆయన ఇంటికి వస్తే ఆయనకన్నా ముందు గ్రీజు వాసన గుమ్మం దాటేది. నాన్నది అనకాపల్లి దగ్గర పల్లె. అమ్మ మాత్రం ఈ ఊళ్లోనే పుట్టింది. మా తాతగారు కూడా రైల్వేలో పనిచేసినవారే కాబట్టి అమ్మకు ఆంధ్రా అంటే పెళ్లిళ్లకు వెళ్లివచ్చే చోటు. ఆమె తెలుగులో సగం హిందీ దొర్లేది. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని వీధిలో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది.

అమ్మ వంటలో తీపంటే పంచదారే. ఆమె దాన్ని 'శక్కర్' అనేది. రేషన్లో వచ్చేది సన్నగా, కొంచెం పచ్చగా, వానాకాలంలో చెమ్మెక్కి ముద్దకట్టేది. అది మా టీకి. బజారు నుంచి తెచ్చిన పెద్ద పలుకుల పంచదార వేరే డబ్బాలో చుట్టాల కోసం ఉండేది. టమాటా పప్పులో చిటికెడు, అటుకుల పోహాలో చిటికెడు, చారులో కూడా చిటికెడు శక్కర్ వేసేది అమ్మ. అలా వేస్తారని, వేయని ఇళ్లు కూడా ఉంటాయని నాకు ఆ ఏడాది నాన్నమ్మ వచ్చేదాకా తెలియదు.

ఆ వానాకాలంలో పల్లెలో తాతయ్య, నాన్న వాళ్ల నాన్న, పోయాడు. దీపావళి ముందు నాన్న వెళ్లి నాన్నమ్మను తీసుకొచ్చాడు. ఆమె వెంట ఒక రేకుపెట్టె వచ్చింది. అందులో నాలుగు చీరలూ, తెల్లటి గుడ్డలో చుట్టిన ఒక బెల్లం దిమ్మా ఉన్నాయి. పెట్టె మూత తెరవగానే గదంతా తియ్యగా, కాస్త పొగవాసనతో నిండిపోయింది. ఆ బెల్లం పుట్టతేనె రంగులో ఉండేది. నాన్నమ్మ పుట్టింట్లో చెరకు గానుగ ఉండేదట. పుట్టిన దగ్గర్నుంచీ ఆ వాసనలోనే పెరిగిందట.

వచ్చిన కొత్తలో నాన్నమ్మ పెద్దగా మాట్లాడేది కాదు. వేపచెట్టు కింద పీట వేసుకుని కూర్చునేది. అమ్మ వంట తినేది గాని, సగంలో చెయ్యి కడిగేసుకునేది. ఒకరోజు చారు నాలిక మీద వేసుకుని, "ఏటే అమ్మా, ఇందులో పంచదారేసినావా?" అని అడిగింది.

"థోడాసా అత్తా. పులుపు తగ్గుతుందని."

"పులుపు తగ్గాలంటే బెల్లవెయ్యాల గాని, పంచదారేటి?"

అమ్మ నవ్వింది. మర్నాడు నాన్నమ్మ అడక్కుండానే చారులో చిన్న బెల్లం ముక్క వేసింది. అమ్మ తిని, "రంగు నల్లబడిపోయింది కదా అత్తా" అంది. పోట్లాటలేమీ లేవు. ఇద్దరూ మంచిగానే మాట్లాడుకునేవారు. కాని పొయ్యి పక్కన పంచదార డబ్బా ఉంటే నాన్నమ్మ దాన్ని వెనక్కి జరిపేది. అక్కడ బెల్లం గిన్నె ఉంటే అమ్మ దాన్ని అలమరలోకి ఎక్కించేది.

నాకూ తమ్ముడికీ మాత్రం ఆ బెల్లం దిమ్మ దొరికిన నిధిలా ఉండేది. నాన్నమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పెట్టె మూత ఎత్తి, గోరుతో గీకి తినేవాళ్లం. ఒకసారి ఒక ముక్క కాగితంలో చుట్టి బడిసంచీలో దాచాను. మర్నాడు పొద్దున గోడ మీంచి సంచీ దాకా చీమల బారు. అమ్మ తిట్టబోయింది. నాన్నమ్మ అడ్డుపడి, "ఈ ఇంట్లో నా సరుకు నచ్చింది చీమలకీ, ఈ పిల్లకీ" అంటూ నవ్వింది. ఆమె నవ్వడం మా ఇంట్లో నేను చూసింది అదే మొదలు.

దిమ్మ అయిపోయింది. నాన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని బజారుకు బయల్దేరింది. అక్కడి భాష ఆమెకు రాదు, నేను చెప్పాలి. ఆమె వేలు పెట్టి చూపించి "బెల్లం" అంది. దుకాణం వాడు "హాఁ అమ్మా, గుడ్. గుడ్ చాహియే?" అన్నాడు.

"గుడ్డంటాడేటే ఈడు? నేను బెల్లవడిగితే గుడ్డెందుకు?"

నేను పడీపడీ నవ్వి, బెల్లాన్ని ఇక్కడ గుడ్ అంటారని చెప్పాను. ఆమె నమ్మలేదు. వాడు రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి ముదురు గోధుమరంగులో, గరుకుగా, అంచులు విరిగి ఉంది. రెండోది పసుప్పచ్చగా మిలమిల మెరుస్తోంది. నాన్నమ్మ మొదటిదాన్ని చేత్తో తాకనైనా తాకలేదు. "ఇది కాల్చిన ఇటికలాగుంది" అని, పసుప్పచ్చది తూయించుకుంది. రుచి చూసి పెదవి విరిచినా పొట్లం కట్టించుకుంది. రంగు తన ఊరి బెల్లానికి దగ్గరగా ఉండటమే ఆమెకు ధైర్యమైందనుకుంటాను.

తర్వాత కొన్నాళ్లకి తమ్ముడి పుట్టినరోజు వచ్చింది. వీధిలో తెలుగువాళ్లు రెండు మూడు కుటుంబాలనీ, పక్కింటి కాకీ వాళ్లనీ భోజనానికి పిలిచారు. కాకీ అంటే పిన్ని, ఆవిడ ఛత్తీస్‌గఢీ మనిషి. భర్త నాన్నతోనే పనిచేసేవాడు. పొద్దున్నే బియ్యప్పిండి చీలా అట్లు పోస్తే, టమాటా చట్నీతో సహా మా ఇంటికి ఒక పళ్లెం రావాల్సిందే. పుట్టినరోజుకి ఏం చేయాలా అని అమ్మ ఆలోచిస్తుంటే నాన్నమ్మ తనంతట తానే, "పరమాన్నం నేనొండతాను" అంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఒక పని కావాలని అడగడం అదే మొదలు. నాన్న ముఖం వెలిగిపోయింది. అమ్మ మాత్రం, "శక్కర్‌తో చేస్తే పాలు విరుగుతాయన్న భయం ఉండదు కదా అత్తా" అంది. నాన్నమ్మ చెయ్యి ఊపేసింది.

కొత్తబియ్యం పాలల్లో మెత్తగా ఉడికాయి. నెయ్యి, యాలకులు, కొబ్బరి ముక్కలు, అన్నీ కుదిరాయి. గిన్నె దించి, కాస్త ఆరనిచ్చి, కరిగించి వడకట్టిన బెల్లం పాకం మెల్లగా పోసింది. నేను పక్కనే ఉన్నాను. పాలు ఒక్కసారి వణికినట్టయ్యాయి. ఆ తర్వాత గింజలు గింజలుగా విడిపోయి, పైన పచ్చటి నీళ్లు తేలాయి. నాన్నమ్మ గరిటె తిప్పుతూనే ఉంది, తిప్పితే కలుస్తాయన్నట్టు.

అప్పటికే పిలిచినవాళ్లు ముందుగదిలో కూర్చున్నారు. అమ్మ లోపలికి వచ్చి గిన్నెలోకి చూసింది. "నేను చెప్పాను కదా అత్తా, శక్కర్ వేద్దామని. పూరా ఫట్ అయిపోయింది" అంది. కోపంగా అనలేదు, హడావిడిలో అంది. కాని గొంతు ముందుగది దాకా వినపడింది. అక్కడెవరో ఆడామె, "పెద్దవాళ్లకి ఇక్కడి సరుకు అలవాటుండదు లెండి" అంది జాలిగా. అమ్మ గబగబా పంచదారతో సేమ్యా పాయసం చేసేసింది. అందరూ మెచ్చుకున్నారు. నాన్నమ్మ వేపచెట్టు కిందికి వెళ్లి కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నా నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున నాన్న టీ తాగుతుండగా నాన్నమ్మ అంది. "ఒరే బాబూ, నాకు టికెట్టు తీసీ. నేనెల్లిపోతాను."

"అదేంటమ్మా, అక్కడ ఒక్కదానివీ ఎలాగుంటావు?"

"ఉంటాను. అక్కడ నాకు మాటొచ్చు, పనొచ్చు. ఇక్కడ బెల్లవేదో కూడా తెల్డం లేదు."

నాన్న రెండు మూడు రోజులు నచ్చజెప్పి చూశాడు. చివరికి టికెట్టు తీసుకొచ్చి దేవుడి పటం వెనక పెట్టాడు. నేను బడికి వెళ్లేటప్పుడు ఆ పటం వైపు చూసేదాన్ని కాదు. అమ్మ మిషను తొక్కుతూ తొక్కుతూ మధ్యలో ఆపేసి ఊరికే కూర్చునేది. ఒకసారి నాన్నతో, "నా మాటే కదండీ ఆమెకు తగిలింది" అనడం విన్నాను.

ఆ వారంలోనే కాకీ వచ్చింది. నాన్నమ్మ వెళ్లిపోతోందని ఆమెకు తెలిసింది. నాన్నమ్మ ముందు నేల మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, "దాయీ, కాబర్ జావత్ హస్?" అని అడిగింది. అమ్మా, ఎందుకు వెళ్తున్నావని. నేను అటూ ఇటూ మాటలు మోశాను. బెల్లం సంగతి, పాలు విరిగిన సంగతి అంతా చెప్పాను. కాకీ నవ్వింది.

"హమర్ గావ్ చల్ దాయీ. అపన్ ఆంఖీ లే దేఖ్ కే గుడ్ లాబే."

మా ఊరికి రా, నీ కళ్లతో చూసి బెల్లం తెచ్చుకుందువు గాని అని. కాకీ పుట్టిల్లు ఆరంగ్ దాటాక మహానదికి దగ్గర్లో ఒక పల్లె. వాళ్లన్న కొద్దిగా చెరకు వేసి, సొంతంగా ఆడించేవాడు. అవి చెరకు ఆడే రోజులే. చెరకు అనగానే నాన్నమ్మ తల ఎత్తింది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. అమ్మకి ఇవ్వాల్సిన జాకెట్లు చాలానే ఉన్నాయి. అయినా చివరి నిమిషంలో మిషను మీద గుడ్డ కప్పి, "నేనూ వస్తాను" అంది. బస్సులో నాన్నమ్మ కిటికీ పక్కన, మధ్యలో నేను, ఈ చివర అమ్మ. దారంతా మంచు. వరి కోసేసిన మళ్లు బోసిగా ఉన్నాయి. ఇద్దరూ నాతోనే మాట్లాడారు, ఒకరితో ఒకరు కాదు.

ఆరంగ్‌లో బస్సు దిగి జీపెక్కాం. పల్లె ఇంకా కనబడకముందే వాసన వచ్చింది. కాగుతున్న చెరకు రసం, కాలుతున్న చెరకు పిప్పి. నాన్నమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. జీపు ఆగగానే మా ఎవరి కోసమూ ఆగకుండా ఆ పొగ వైపు నడిచింది. అంత వేగంగా నడవగలదని నేను అనుకోలేదు.

కాకీ వాళ్లన్న పెద్ద ఇనప పెనం ముందు నిలబడి రసాన్ని కలుపుతున్నాడు. పక్కన తొట్టిలో దంచిన బెండకాడలు నానబెట్టి ఉన్నాయి. ఆ జిగురు నీళ్లు పోస్తే రసంలో మడ్డి నురగతో పైకి తేలుతుంది. నాన్నమ్మ వంగి ఆ తొట్టిలోకి చూసి, "ఓలమ్మ, బెండకాడలే" అంది. వాళ్ల నాన్న కూడా అదే వాడేవాడట. అక్కణ్ణించి ఇక ఆమె ఆగలేదు. ఒక్కో సంగతీ అడగడం, నేను హిందీలో అడగడం, ఆయన ఛత్తీస్‌గఢీలో చెప్పడం, కాకీ దాన్ని హిందీ చేయడం, నేను తెలుగు చేయడం. కాసేపటికి నా అవసరం లేకుండానే వాళ్లు చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పాకం ముదిరే వేళకు ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ముద్ద చేసి, తల ఊపింది. ఆయన పెనం దింపించాడు.

వేడి బెల్లం మోదుగాకుల్లో పెట్టి అందరికీ ఇచ్చారు. నోరు కాలినా ఆగలేకపోయాను. అది ముదురు గోధుమరంగులో ఉంది. నాన్నమ్మ నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. తెరిచాక ముక్కను వెలుతురులోకి పట్టి చూసింది.

"మరి బజార్లో పచ్చగా ఉండేదేటి? అదడుగే."

అడిగాను. బజారుకి రంగు కావాలి, అందుకని కొందరు ఉడికేటప్పుడు తెల్లటి మందు కలుపుతారు, తామూ అమ్మేదాంట్లో కొంచెం వేయక తప్పదు, ఇంట్లోకి మాత్రం ఇలా నల్లగానే దించుకుంటామని చెప్పాడాయన. మందు ఎక్కువైనా, నరికిన చెరకు నిలవుండి రసం పులిసినా ఆ బెల్లానికి పాలు విరుగుతాయన్నాడు. మాట దాచే మనిషి కాదు.

నేను చెప్పింది విని నాన్నమ్మ చేతిలోని ముక్కను మళ్లీ తిప్పి చూసింది. తర్వాత అమ్మ వైపు తిరిగి అంది. "మంచిది చేతికందిస్తే ఇటికన్నాను. రంగు చూసి మోసపోయింది నేనే."

"ఆ రోజు అందరికీ వినబడేలా నేనలా అనకుండా ఉండాల్సింది అత్తా" అంది అమ్మ.

"పాలిరిగితే ఇరిగేయనక ఏటంటావు?" అంది నాన్నమ్మ. అమ్మకు నవ్వొచ్చింది. నాన్నమ్మకూ వచ్చింది. ఏం జరిగిందో తెలియకపోయినా కాకీ కూడా నవ్వింది. వెళ్లేటప్పుడు మధ్యలో కూర్చున్న నన్ను, వచ్చేటప్పుడు కిటికీ దగ్గరికి తోసి వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. నేను నిద్రపోయాను. మధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా వాళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి.

మర్నాడు వంటిల్లు బడిలా తయారైంది. అమ్మ రెండు గిన్నెల్లో పాలు కాచి దించింది. నాన్నమ్మ ఒకదాంట్లో మిగిలిన పసుప్పచ్చ బెల్లం పాకం, ఇంకోదాంట్లో కాకీ ఊరి నుంచి తెచ్చిన నల్లబెల్లం పాకం పోసింది. నలుగురం వంగి చూస్తున్నాం. మొదటి గిన్నెలో పాలు విరిగాయి. రెండోది చిక్కటి టీ రంగుకి తిరిగి, అలాగే నిలిచింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. ఆ పాలతోనే పరమాన్నం చేసింది నాన్నమ్మ. రంగు చూసి తమ్ముడు మొదట ముఖం తిప్పుకున్నాడు గాని, తర్వాత గిన్నె నాకింది వాడే.

అలా మొదలైన పరీక్షలు చాలా రోజులు సాగాయి. కాకరకాయ పులుసులో ఒకసారి పంచదార, ఒకసారి బెల్లం. బెల్లమే గెలిచింది. టమాటా పప్పులో అమ్మ చిటికెడు శక్కరే బాగుందని నాన్నమ్మ ఒప్పుకుంది. నిమ్మకాయ నీళ్లలో బెల్లం వేసి తాగి, "వొద్దమ్మా, దీనికి నీదే మేలు" అని గ్లాసు పక్కన పెట్టేసింది. కొబ్బరిలౌజుకి మాత్రం ఇద్దరూ పట్టు వదల్లేదు. చివరికి సగం సగం చేశారు, రెండూ అయిపోయాయి. దగ్గొస్తే పటికబెల్లం, మిరియాలు అనే విషయంలో అసలు తగువే లేదు.

ఒక సాయంత్రం నాన్నమ్మ అమ్మతో అన్న మాట నాకు బాగా గుర్తు. "పంచదారకి వాసన్లేదే. అందుకే నిమ్మకాయ, యాలక్కాయ, అలాంటివాటి వాసన అవే చూసుకుంటాయి, వాటికి పంచదార చాలు. చింతపండు, కొబ్బరి, కొత్తబియ్యం ఉన్నాయే, అవి తోడడుగుతాయి. వాటికి బెల్లవెయ్యాల." అమ్మ మిషను ఆపి విని, "అవును కదా అత్తా, ఇన్నేళ్లూ నాకిది తట్టనే లేదు" అంది. ఆ రోజు నుంచీ పొయ్యి పక్కన రెండు డబ్బాలూ ఉండేవి. ఎవరూ దేన్నీ వెనక్కి జరపలేదు.

ప్రయాణం రోజు దగ్గరపడింది. నాన్న ముఖం వేలాడేసుకుని, స్టేషనుకి ఎవరి రిక్షా మాట్లాడాలా అని అడిగాడు. నాన్నమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే, "ఆ టికెట్టు వాపసిచ్చీ" అంది. "చెరకాడ్డం అయిపోలేదు. ఇంకోసారి ఎల్లి తెచ్చుకోవాల." నాన్న వెంటనే లేచాడు. పటం వెనక నుంచి టికెట్టు తీసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా సైకిలెక్కాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి టీ పెట్టింది. రెండు గ్లాసులు ఒకలాగా, ఒక గ్లాసు వేరేగా. నాన్నమ్మ కోసం పెట్టిన ఆ మూడో గ్లాసులో బెల్లాన్ని టీ దించాకే వేసింది, విరగకుండా.

చెరకు ఆడటం అయిపోయింది. ఎండలొచ్చాయి. మామిడికాయలు వచ్చాక తీపి ఆవకాయ పెట్టి వెళ్తానంది నాన్నమ్మ. వానలు పడ్డాక, ఈ వానల్లో ఎక్కడికెళ్తానంది. తర్వాత వెళ్లే మాట ఎత్తడమే మానేసింది. కాకీకి బూరెలు నేర్పింది, కాకీ దగ్గర ఆవిరి మీద ఉడికించే బియ్యప్పిండి ఫరాలు నేర్చుకుంది. ఒకరికొకరు భాష ఎంత నేర్చుకున్నారో చెప్పలేను గాని, వంట బాగుంటే నాన్నమ్మ "బనే హే" అనేది, కాకీ "బావుందే" అనేది. చలికాలం రాగానే ఆరంగ్ వైపు ప్రయాణం మా ఇంట్లో పండగలాంటిదైంది. వీధిలో తెలుగువాళ్లు కూడా తమకో దిమ్మ తెమ్మని చెప్పి పంపేవారు. ఆ రోజు ముందుగదిలోంచి జాలిపడిన ఆడామె కూడా.

కొన్నేళ్ల తర్వాత చుట్టాల పెళ్లికి అందరం అనకాపల్లి వెళ్లాం. నాన్నమ్మ చెల్లెలు ఆమెను పట్టుకుని వదల్లేదు. "పెళ్లయ్యాక ఇక్కడే ఉండిపో అక్కా. అయినోళ్లందరం ఉన్నాం. భాష తెలీని ఆ ఊళ్లో నీకేటుంది?"

నాన్నమ్మ అరిసెల పిండి కలుపుతోంది. చేతులు ఆపలేదు.

"నా కోడలు మిషను మీద కూకుంటే పొయ్యి కాడ ఎవురుంటారు? పక్కింటిదాని కూతురు నీళ్లోసుకుంది, దానికి సున్నుండలు చెయ్యాల. పిల్లకి పరీచ్చలు. ఎల్లుండి బండికి ఎల్లిపోవాలమ్మా" అంది.

నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆ ఊళ్లో ఏముందని అడిగితే, అక్కడ తన కోసం ఎదురుచూసే పనులు చెప్పింది. ఒక మనిషిది ఏ ఊరో తెలిసేది బహుశా అలాగే. మొన్న సాయంత్రం పైకి వెళ్లి ఆ అమ్మాయికి రెండు డబ్బాలూ పెట్టుకోమనే చెప్పాను. ఇప్పుడు నాన్నమ్మ లేదు, ఆ క్వార్టర్లు కూడా కూల్చి కొత్తవి కట్టారు. కాని ఆ చెరకు పొగలోకి ఎవరి కోసమూ ఆగకుండా నడిచి వెళ్లిన మనిషి నాకు ఇప్పటికీ వెనక నుంచి కనిపిస్తుంది. కొంగు నడుముకి బిగించి, వచ్చినప్పటికన్నా పదేళ్లు చిన్నదైనట్టు.